లోబెడ్ ట్రైలరు బెడ్డుకు ఏ కర్ర పలకలు వేయాలి?

సిర్పూరు నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండు సార్లు శ్రద్ధగా చదివాను. 20 టన్నుల ఎక్స్‌కవేటరును, అప్పుడప్పుడు డోజరును, మధ్యలో జేసీబీని మోసే మీ లోబెడ్ ట్రైలరుకు (బెడ్డు నేలకు దగ్గరగా ఉండే బండికి) మూడేళ్ల కింద వేయించిన 38 మిల్లీమీటర్ల జామాయిల్ పలకలు మెలితిరిగి, చివర్లు చీలి, రెండు చోట్ల విరిగాయని రాశారు. ఈసారి టేకు వేయాలా, నల్లమద్ది వేయాలా, విదేశీ కర్ర ఆపిటాంగ్ తెప్పించాలా, లేక కర్ర గొడవే లేకుండా గరుకు గీతలున్న ఉక్కు రేకు, అంటే చెకర్ ప్లేటు, పరిచేయాలా అని అడిగారు. నేను వాంకిడి నుంచి రాజురా వెళ్లే దారిలో 27 ఏళ్లుగా ట్రైలర్లకు బాడీలు కడుతున్నాను. మా నాన్నగారు ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి కావడం వల్ల ఆసిఫాబాద్, చంద్రపూర్ జిల్లాల కర్రలతో నా పరిచయం అంతకంటే పాతది.

నా సమాధానం ముందే చెబుతాను. బాగా ఆరిన నల్లమద్ది చేవను (దుంగ లోపలి ముదురు కర్రను) 50 మిల్లీమీటర్ల మందాన కోయించి, చట్రంలోని అడ్డ దూలాల, అంటే క్రాస్ మెంబర్ల, మధ్య దూరం 400 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకుని, యంత్రం ఎక్కే వెనుక అంచుకు మాత్రం ఉక్కు వేయించండి. ఏగిస కర్ర మీకు అందుబాటు ధరలో దొరికితే నల్లమద్ది కంటే ముందు దాన్నే తీసుకోండి. అయితే కర్ర పేరు చెప్పినంత మాత్రాన ఈ పని సగం కూడా కాదు. అదే నల్లమద్దిని పచ్చిగా కొని, బెరడు కిందుండే తెల్ల చెక్కతో కలిపి కోయించి, పాత చట్రం మీదనే బిగిస్తే మీరు మళ్లీ మూడేళ్లకు ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది. అందువల్ల కొంత వివరంగా రాస్తున్నాను.

జామాయిల్ ఎందుకు విఫలమైందో మొదట అర్థం చేసుకోవాలి, ఎందుకంటే చాలామంది అది మెత్తని కర్ర కాబట్టి విరిగిందనుకుంటారు. అది మెత్తని కర్ర కాదు, ఆరిన తర్వాత కూడా మంచి బరువే ఉంటుంది. కానీ కాగితపు మిల్లుల కోసం పెంచే తోటల్లో ఆ చెట్టును కొద్ది ఏళ్లకే నరుకుతారు, అప్పటికి దానిలో చేవ సరిగా కట్టదు. పైగా వేగంగా పెరిగే ఆ కాండంలో బయటి పొరలు లాగినట్టుగా, లోపలి పొరలు నొక్కినట్టుగా బిగువు మీద ఉంటాయి. రంపం పడగానే ఆ బిగువు విడిపోయి పలక విల్లులా వంగుతుంది, ఎండేకొద్దీ చివర్లు చీలుతాయి. సన్నని దుంగ కావడం వల్ల దాదాపు ప్రతి పలకలోనూ కాండం నడుమ ఉండే మెత్తని బెండు వచ్చి చేరుతుంది, చీలిక మొదలయ్యేది ఆ బెండు దగ్గరే. ఇందులో మీ తప్పు గానీ, బిగించిన మేస్త్రి తప్పు గానీ పెద్దగా లేదు. ఆ కర్ర ఆ పనికి తగినది కాదు.

ఎడ్లబండి చేసేటప్పుడు మా నాన్నగారు ఒకే కర్రతో బండి మొత్తం చేసేవారు కాదు. చక్రపు కుండకు నల్లతుమ్మ, ఇరుసుకు చిరుమాను, నొగలకు మరొకటి, ఇలా ఏ భాగం మీద ఏ రకమైన దెబ్బ పడుతుందో చూసి కర్రను ఎంచేవారు. ట్రైలరు బెడ్డు విషయంలోనూ ఆలోచన అదే దారిలో సాగాలి. బెడ్డు పలక మీద బరువు నిలకడగా ఉండదు. యంత్రం ఎక్కేటప్పుడు బరువంతా ఒక్క గీత మీదికి వచ్చి, తర్వాత పరుచుకుంటుంది. చైను పళ్లు పలక పైపొరను గీరి లేపుతాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు కమిలిన పలకే జూన్ మూడో వారానికల్లా వారం రోజులు నీళ్లలో నానుతుంది. క్రాస్ మెంబరు మీద కర్ర ఇనుము కలిసే చోట తడి ఎప్పుడూ పూర్తిగా ఆరదు, కాబట్టి చివుకు, అంటే కుళ్లు, అక్కడి నుంచే పడుతుంది. దెబ్బకు పగలకుండా ఉండే ఓర్పు, గీతకు నిలిచే గట్టిదనం, తడికీ చెదలకూ ఓర్చే గుణం, ఈ మూడూ కలిసి ఉన్న కర్ర మనకు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండూ వృథా అవుతాయి.

ఈ లెక్కన టేకును నేను సిఫారసు చేయను. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకు పేరు దేశమంతటా తెలుసు, 2023లో అయోధ్య రామాలయపు తలుపుల కోసం బల్లార్షా నుంచి టేకు పంపినప్పుడు మా ప్రాంతమంతా గర్వపడింది. తలుపుకు టేకును మించినది లేదన్నది నిజం. అది కదలదు, మెలిపడదు, చెదలకు లొంగదు. కానీ ఆరిన టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు మాత్రమే ఉంటుంది, దాని పైపొర మన యంత్రాల చైన్లకు తట్టుకునేంత గట్టిది కాదు. డోజరు పది సార్లు ఎక్కి దిగితే టేకు పలక మీద పడే గాట్లు చూస్తే, అంత ధర పెట్టి కొన్నందుకు మీకే బాధ కలుగుతుంది. తేలిక సామాను మోసే బండికైతే టేకు మంచిదే, మీ బండికి కాదు.

నల్లమద్దిని మహారాష్ట్ర వైపు ఐన్ అంటారు, హిందీ మాట్లాడే వ్యాపారులు సాజ్ అంటారు. బేరం చేసేటప్పుడు ఈ మూడు పేర్లూ తెలిసి ఉండాలి. గోండులు ఈ చెట్టును తమ పెద్ద దేవుడు పెర్సపేన్ నివాసంగా భావించి కొలుస్తారు, కాబట్టి ఊరి పక్క చెట్టును బేరమాడే ఆలోచన ఎవరైనా చెప్పినా వినకండి, అటవీ శాఖ డిపో కర్రే కొనండి. చెట్టు బెరడు నల్లగా, మొసలి వీపులా చతురస్రాలుగా పగిలి ఉంటుంది. చేవ గోధుమ రంగులో ఉండి, దానిలో నల్లని చారలు సాగుతాయి. ఆరిన నల్లమద్ది ఘనమీటరుకు 850 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది, చైను గీతలకు టేకు కంటే ఎంతో మెరుగ్గా నిలుస్తుంది, చేవ వరకు తీసుకుంటే వానకు బాగానే ఆగుతుంది. వాగు ఒడ్డున పెరిగే తెల్లమద్దిని దీని పేరుతో అమ్మే వాళ్లున్నారు. దాని బెరడు నునుపుగా, బూడిద తెలుపుగా ఉంటుంది, కర్రకు పగిలే గుణం ఎక్కువ. బెరడు తీసేసిన దుంగల్లో ఈ తేడా పట్టడం కష్టం కనుక, బెరడు ఉన్న దుంగను చూసి కోయించుకోవడమే క్షేమం.

నల్లమద్దికి ఒక పెద్ద లోపం ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. అది ఆరేటప్పుడు మొండికేస్తుంది. ఎండలో వదిలేస్తే పైపొర త్వరగా ఎండి బిగుసుకుంటుంది, లోపల నీరు అలాగే ఉంటుంది, ఆ పోట్లాటలో పలక ముఖం మీదనే బీటలు పడతాయి. దీనికి మందు ఓపిక ఒక్కటే, ఆ సంగతి కింద రాస్తాను.

ఏగిసను మహారాష్ట్ర వ్యాపారులు బిబ్లా అనీ, బీజా అనీ అంటారు. ఆరాక ఘనమీటరుకు సుమారు 800 కిలోలు ఉండి, నల్లమద్ది అంత మొండికేయకుండా ఆరుతుంది, చెదలనూ చివుకునూ దానికంటే బాగా తట్టుకుంటుంది. దీన్ని గుర్తించడానికి నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటుంది. చిత్రిక పట్టిన పొట్టును గాజు గ్లాసులోని నీళ్లలో వేసి కొంతసేపు ఉంచితే నీళ్లు తేనె రంగుకు తిరుగుతాయి, ఆ గ్లాసును ఎండలోకి పట్టుకుని పక్కనుంచి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు కనిపించకపోతే నేను ఆ కర్రను ఏగిస ధరకు కొనను. ఇబ్బంది ఏమిటంటే 2.5 మీటర్లకు మించిన పొడవులో, ముడులు లేని ఏగిస పలకలు తగినన్ని దొరకడం ఇప్పుడు కష్టమైపోయింది.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. చిరుమాను దెబ్బకు ఓర్చడంలో వీటన్నిటినీ మించినది, గొడ్డలి కామలకూ ఇరుసులకూ అందుకే వాడారు. కానీ బయట తడిలో ఉంచితే చివుకుతుంది, ఆరేటప్పుడు బాగా చీలుతుంది. దానిని బెడ్డుకు కాక, ఎక్కే దారిలో తరచూ మార్చుకునే పైపట్టీలకు వాడుతున్నాను. నల్లతుమ్మ గట్టిదే గానీ తిన్నని పొడవు పలకలు రావు. కొండతంగేడు, అంటే బర్మా వాళ్లు పింకడో అనే జాతి, దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. ఒకప్పుడు రైలు స్లీపర్లకు వాడిన కర్రల్లో అదొకటి, అయితే దానికి మేకు దిగదు, ప్రతి రంధ్రం డ్రిల్లుతోనే వేయాలి. బండారు పసుపు రంగులో, చేతికి నున్నగా, కోతకు సులువుగా ఉండి ఆకట్టుకుంటుంది, కానీ బరువు బండికి పనికిరాదు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి ఇదే సందేహం ఉన్నవారు నల్లమద్ది కోసం వెతుక్కోనక్కరలేదు. అక్కడ దొరికే సాలు, అంటే మన గుగ్గిలం చెట్టు కర్ర, ఈ పనికి అంతే తగినది. దాని చేవకు తడిని తట్టుకునే శక్తి ఇంకొంచెం ఎక్కువే. అదే తీరంలోని సరుగుడును మాత్రం బరువు చూసి మోసపోకూడదు.

ఆపిటాంగ్ గురించి ఇంటర్నెట్‌లో చదివి అడిగారని అర్థమైంది. అమెరికాలో బరువు ట్రైలర్ల బెడ్డుకు ఆపిటాంగ్‌నూ, తెల్ల ఓక్‌నూ వాడతారు. ఆపిటాంగ్ ఆగ్నేయాసియాలో పెరిగే గర్జన్ జాతుల కర్ర, మలేషియాలో దాన్నే కెరుయింగ్ అంటారు. సముద్ర కంటైనర్ల అడుగున పరిచే 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కూ చాలాకాలం ఈ కర్రనే వాడారు. దాని బలం ఎక్కువగా ఒక గుణంలో ఉంది: పొడవైన, ముడులు లేని, ఒకే తీరు పలకలు పెద్ద మొత్తంలో వస్తాయి. అందులోని జిగురు నీటిని కొంత ఆపుతుంది. ఓక్ విషయంలోనూ నేర్చుకోదగినది ఒకటి ఉంది. తెల్ల ఓక్‌లో నీటి గొట్టాలు చేవ కట్టేటప్పుడు బుడగల వంటి పొరలతో మూసుకుపోతాయి, ఎర్ర ఓక్‌లో అవి తెరుచుకునే ఉంటాయి, అందుకే ఒకే పేరుతో పిలిచే ఆ రెండు కర్రల్లో ఒకటి వానకు నిలుస్తుంది, రెండోది నీళ్లు పీల్చి చివుకుతుంది. ఏ దేశమైనా ముఖ్యమైనది పేరు కాదు, చేవ లోపలి కట్టుబాటు. మీ ఇంటి వెనుక అడవిలో ఆపిటాంగ్ కంటే బరువైన నల్లమద్ది ఉండగా, గాంధీధామ్ రేవు బజారు నుంచి కర్ర తెప్పించి రవాణా ఖర్చు పెట్టడంలో నాకు అర్థం కనిపించదు.

ఇక మందం సంగతి. కర్ర ఎంపిక మీద నెలల తరబడి ఆలోచించేవారు కూడా దీని మీద పది నిమిషాలు పెట్టరు, నిజానికి పలకలు విరిగేది ఎక్కువగా ఇక్కడే. పలక వంపును తట్టుకునే బలం మందపు వర్గాన్ని బట్టి, వంగకుండా నిలిచే బిగువు మందపు ఘనాన్ని బట్టి పెరుగుతాయి. 38 నుంచి 50 మిల్లీమీటర్లకు వెళితే కర్ర మూడో వంతు కంటే తక్కువే పెరుగుతుంది గానీ, బలం సుమారు 1.7 రెట్లు, బిగువు సుమారు 2.3 రెట్లు అవుతాయి. ఎక్స్‌కవేటరు చైను పొడవుగా ఉండి చాలా క్రాస్ మెంబర్ల మీద బరువును పంచుతుంది, కాబట్టి నిలిచి ఉన్నప్పుడు దానివల్ల పలకకు పెద్ద కష్టం లేదు. టైర్ల మీద నడిచే జేసీబీయే పలకను ఎక్కువగా పరీక్షిస్తుంది. ఒక వెనుక చక్రం మీద 2.5 టన్నులు ఉండి, అది 200 మిల్లీమీటర్ల వెడల్పు గల రెండు పలకల మీద నిలిచిందనుకుందాం. అప్పుడు ఒక్కో పలక మీద 1.25 టన్నులు రెండు క్రాస్ మెంబర్ల నడుమ పడుతుంది. మీ ఇప్పటి బెడ్డులో ఉన్నట్టు మధ్య దూరం 600 మిల్లీమీటర్లు, పలక 38 మిల్లీమీటర్లు అయితే కర్రలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 38 న్యూటన్ల ఒత్తిడి పుడుతుంది. పలకను 50 చేస్తే అది 22కు దిగుతుంది. దూరాన్ని కూడా 400 చేస్తే 15 దగ్గరికి వస్తుంది. భవనాల లెక్కల్లో సాలు వంటి గట్టి కర్రకు నీడలో అనుమతించేది 16, 17 దరిదాపుల్లో ఉంటుంది, వానకు తడిసే చోట అంతకంటే తక్కువ. టైరు కొంత పరుచుకుంటుంది కాబట్టి నిజమైన ఒత్తిడి ఈ లెక్క కంటే కొంచెం తక్కువే గానీ, గుంతల రోడ్డు మీద కుదుపు దాన్ని మళ్లీ పెంచుతుంది. మీ పలకలు విరిగిన రెండు చోట్లూ జేసీబీ చక్రం ఆగే చోట్లేనని నా అనుమానం, ఒకసారి చూసుకోండి.

కాబట్టి కర్రకు డబ్బు పెట్టేముందు చట్రానికి పెట్టండి. ఉన్న రెండు క్రాస్ మెంబర్ల నడుమ ఒక్కో తేలిక చానల్ వేయించినా దూరం సగమై 300కు వస్తుంది, అది పలకను మార్చడం కంటే మంచి పెట్టుబడి. వెనుక అంచున, ర్యాంపు మీద నుంచి యంత్రం ముందుకు ఒరిగే చోట, 20 టన్నులూ రెండు చైన్ల కింద ఒక్క గీత మీదికి వస్తాయి. అక్కడ ఏ కర్రా నిలవదు. చివరి 300 మిల్లీమీటర్ల మేర మందపాటి ఉక్కు ప్లేటు వేయించి, దాని మీద అడ్డంగా చదరపు కడ్డీలు వెల్డు చేయించండి.

చేవ గురించి, ఆరబెట్టడం గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. దుంగ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు, అది నల్లమద్దిదైనా ఏగిసదైనా, పుచ్చును గానీ చివుకును గానీ తట్టుకునే శక్తి లేదు. సామిల్లులో దుంగను పొదుపుగా కోస్తే ప్రతి పలకకూ ఒక అంచున తెల్ల చెక్క మిగులుతుంది, రంగు వేశాక అది కనిపించదు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ అంచు పొడిగా రాలి, బోల్టు పట్టు వదులవుతుంది. అంచు వరకూ చేవ లేని పలకను నేను కొలతలోకే తీసుకోను. నడిమి బెండు ఉన్న పలకనూ అలాగే పక్కన పెట్టించండి.

ఆరని కర్రతో నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్లలో, ఒక గనుల కాంట్రాక్టరు తొందరపెడితే, ఫిబ్రవరిలో కోసిన పచ్చి నల్లమద్దిని మార్చిలోనే బిగించాను. పలకలు ఒకదానికొకటి తాకేలా పొందికగా వేశానని తృప్తిపడ్డాను. మే చివరికి పలకల మధ్య వేలు దూరేంత సందులు పడ్డాయి, చివర్లు జానెడు మేర చీలాయి, బోల్టులన్నీ వదులై గలగలలాడాయి. ఆ బెడ్డు మొత్తం నా ఖర్చుతో విప్పి మళ్లీ వేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ రోజు నుంచి నేను పచ్చి కర్రను బెడ్డు మీదికి ఎక్కనివ్వలేదు.

మీకు సమయం ఉంది కాబట్టి ఇలా చేయండి. వానాకాలం పోయిన వెంటనే, అక్టోబరు, నవంబరు నెలల్లో దుంగలు కోయించండి. చలికాలపు మెత్తని గాలిలో నల్లమద్ది నెమ్మదిగా ఆరుతుంది, వేసవిలో కోసినట్టు పగలదు. అవసరమైన మందం కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి కోయించాలి, ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. కోసిన రోజే పలకల రెండు చివర్లకూ తారు గానీ మందపాటి పెయింటు గానీ పూయాలి, ఎందుకంటే కర్రలోని నీరు ముఖం కంటే చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, చివరి చీలికలకు మూలం అదే. నేల నుంచి అడుగున్నర ఎత్తున దిమ్మెలు పేర్చి, వాటి మీద పలకలను వరుసలుగా పెట్టి, వరుసకూ వరుసకూ మధ్య అంగుళం మందపు ఎండు పట్టీలను రెండు అడుగులకు మించని దూరంలో, ఒకదాని మీద ఒకటి తిన్నగా వచ్చేలా ఉంచాలి. పట్టీలు తిన్నగా రాకపోతే పలకలు ఆ వంకరతోనే ఆరతాయి. పైన రేకుల నీడ, పక్కల గాలి ఉండాలి, పడమటి వైపు మాత్రం వేసవిలో గోనెపట్టా కట్టాలి. 50 మిల్లీమీటర్ల నల్లమద్దికి నేను కనీసం ఆరు నెలలు ఇస్తాను.

ఆరిందో లేదో చేత్తో తట్టి చెప్పే నేర్పు కొందరికి ఉంటుంది గానీ, తూకం అంతకంటే నమ్మదగినది. ఒక పలకను చివర నుంచి అడుగున్నర లోపల కోసి రెండు సెంటీమీటర్ల ముక్క తీసి తూచండి. దాన్ని ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గదనే వరకు ఎండబెట్టి మళ్లీ తూచండి. 184 గ్రాముల ముక్క 160 గ్రాములకు దిగిందంటే, తేడా 24ను ఎండు బరువు 160తో భాగిస్తే 15 శాతం తేమ వస్తుంది. మన ప్రాంతంలో 15 శాతానికి లోపు ఉంటే బిగించవచ్చు.

కొలత, కాగితాల సంగతి కూడా చూద్దాం. 6 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గల బెడ్డుకు 50 మిల్లీమీటర్ల పలకలు 0.75 ఘనమీటరు, అంటే దాదాపు 26.5 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పడతాయి. తెల్ల చెక్క, బెండు, చీలిన చివర్లు తీసేయాలి కాబట్టి కోసిన కర్ర కనీసం 32 సీఎఫ్‌టీ కొనండి. అటవీ శాఖ డిపో వేలంలో గానీ, లైసెన్సు ఉన్న సామిల్లులో గానీ మాత్రమే కొని, బిల్లూ, దుంగ మీద సుత్తి ముద్ర ఉన్నాయో లేదో చూడండి. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత లైసెన్సు లేని సామిల్లు నడవడానికే వీల్లేదు. మహారాష్ట్రలో కొని సరిహద్దు దాటించి మీ ఊరికి తెస్తే రవాణా పాసు తప్పనిసరి. 2023 డిసెంబరులో దేశమంతటికీ ఆన్‌లైన్ రవాణా పాసు పద్ధతిని ప్రారంభించాక రెండు రాష్ట్రాల మధ్య ఈ పని గతంలో కంటే సులువైంది. పాత రైలు స్లీపర్లు చౌకగా దొరుకుతాయని ఎవరైనా చెబితే ఆలోచించవద్దు. వాటిలో ఇరుక్కున్న మేకులు, కంకర రంపాన్ని పాడుచేస్తాయి, చివకకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ అనే నూనె కోసేవాడి చర్మానికీ ఊపిరికీ హాని చేస్తుంది.

బిగించేటప్పుడు పలకలు బండి పొడవునే వేయాలి. ఆరిన పలకలైతే మధ్యలో ఐదారు మిల్లీమీటర్ల సందు ఉంచండి. 200 మిల్లీమీటర్ల వెడల్పు పలక వేసవికీ వానలకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు కదులుతుంది, సందు లేకపోతే ఉబ్బిన పలకలు బోల్టులను పీకుతాయి లేదా పైకి లేస్తాయి. చెట్టు బెరడు వైపు ఉన్న ముఖం పైకి రావాలి. ఆరిన పలక వానకు తడిసినప్పుడు ఆ ముఖమే ఎక్కువ ఉబ్బి, పలక నడుమ కొద్దిగా పైకి లేచి నీళ్లను జారవిడుస్తుంది. తిరగేసి వేస్తే పలక దోనెలా మారి నీళ్లు నిలుపుతుంది, చైను పళ్లకు లోపలి పొరలు ఈనెలుగా లేస్తాయి.

బోల్టులు 12 మిల్లీమీటర్లవి, జింకు పూత ఉన్నవే వాడండి. నల్లమద్దిలోనూ తుమ్మలోనూ ఉండే వగరు పదార్థం తడిసిన మామూలు ఇనుముతో కలిసి నల్లని మరకలు పెట్టి, ఇనుమునూ చుట్టూ ఉన్న కర్రనూ తింటుంది. రంధ్రం బోల్టు కంటే ఒక మిల్లీమీటరు పెద్దదిగా, పలక చివరకు 85, అంచుకు 50 మిల్లీమీటర్లు తగ్గకుండా ఉండాలి. ఒకే క్రాస్ మెంబరు మీద రెండు బోల్టులు ఒకే నార గీత మీదికి రాకుండా కాస్త అటూ ఇటూగా వేయాలి. బోల్టు తల పలక ముఖానికి ఆరేడు మిల్లీమీటర్లు లోపల కూర్చోవాలి, లేకపోతే మొదటి నెలలోనే చైను దాన్ని నరికేస్తుంది. బిగించే ముందు ప్రతి రంధ్రంలోకీ, పలక అడుగు ముఖానికీ, కోసిన చివర్లకూ వేడి చేసిన అవిసె నూనెలో కొంత టర్పెంటైన్ కలిపి పట్టించండి. క్రాస్ మెంబర్ల పైముఖానికి రెడ్ ఆక్సైడ్ మీద తారు పెయింటు వేయండి. యంత్రాన్ని కట్టే గొలుసులు మాత్రం ఎప్పుడూ ఛాసిస్‌కు వెల్డు చేసిన కొక్కేలకే పడాలి, పలకకు బిగించిన దేనికీ పడకూడదు.

వాడిన ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు మన వైపు విస్తారంగా ఉంది. పైపొరను నల్లగా మెరిపిస్తుంది గానీ చేవ లోపలికి దిగదు, చివుకును ఆపదు, వానలో బెడ్డును జారుడుబండ చేస్తుంది, కారి నేలలోకి పోతుంది. 20 టన్నుల యంత్రం ఎక్కే చోట జారుడు అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దయచేసి మానండి.

చెకర్ ప్లేటు విషయంలోనూ నాకున్న అభ్యంతరం ముఖ్యంగా ఇదే. ఉక్కు చైను తడిసిన ఉక్కు ప్లేటు మీద పట్టు నిలుపుకోలేదు. కొత్త ప్లేటు మీది గరుకు గీతలు కొన్నాళ్లకే అరిగి నునుపెక్కుతాయి. బరువు పరంగానూ లాభం లేదు. 8 మిల్లీమీటర్ల ప్లేటు 15 చదరపు మీటర్ల మీ బెడ్డుకు 940 కిలోలు దాటుతుంది, 50 మిల్లీమీటర్ల నల్లమద్ది సుమారు 640 కిలోలతో సరిపోతుంది. 6 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే 700 కిలోలకు వస్తుంది గానీ, క్రాస్ మెంబర్ల మధ్య గుంటలు పడి నీళ్లు నిలుస్తాయి, ఆ గుంట ఇక సరికాదు. కర్ర పలకైతే ఒకటి పాడైనప్పుడు ఒక్కటే విప్పి మార్చుకోవచ్చు. టైర్ల యంత్రాలు, సంచుల సరుకు మాత్రమే మోసేవారికి ప్లేటు నప్పుతుంది, ఆ తేడా నేను ఒప్పుకుంటాను.

డోజరు మోసే రోజుల్లో ఒక జాగ్రత్త చాలు. దాని చైనుకు ఒక్కో ప్లేటుకు ఒకే ఎత్తైన పన్ను ఉంటుంది, అది ఎక్స్‌కవేటరు చైను కంటే లోతుగా కర్రలో దిగుతుంది. బొగ్గు గనుల పాత కన్వేయరు బెల్టు ముక్కలు స్క్రాప్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని రెండు చైన్ల దారుల్లో పరిచి డోజరును ఎక్కించండి, పని అయ్యాక తప్పక తీసేయండి, లేకపోతే వాటి కింద నిలిచిన తడి పలకలను కుళ్లబెడుతుంది.

బిగించిన తర్వాత మొదటి వేసవి చివర ఒకసారి, మొదటి వానాకాలం పోయాక మరోసారి బండి కిందికి వెళ్లి ప్రతి నట్టునూ బిగించండి. అదే సమయంలో క్రాస్ మెంబర్ల మీద కర్ర ఆనే చోట పాత స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా గుచ్చి చూడండి. మొన ఆగిపోతే కర్ర బాగుంది, రెండు మూడు మిల్లీమీటర్లు మెత్తగా దిగితే ఆ పలకను పై ముఖం ఎంత చక్కగా కనిపించినా ఆ ఏడాదే మార్చండి. దుంగలు చూడటానికి వెళ్లే రోజు ముందుగా చెబితే, అక్టోబరులో వీలు చూసుకుని నేనూ డిపోకు వస్తాను.